మనోవ్యాధుల రసాయన శాస్త్రాన్ని చదవడం – 4వ పాఠం: డోపమైన్, మూర్ఛ కలిగించే చికిత్స

నాడీకణాల మధ్య సంకేతాలు మోసే రసాయనమైన డోపమైన్ పనిచేసే నాలుగు నాడీమార్గాలను గుర్తుపట్టడం గత పాఠంలో నేర్చుకున్నాం. వైద్య రచనలు చదివేటప్పుడు, ఒక చికిత్స ఫలించినంత మాత్రాన వ్యాధి మూలం తెలిసినట్టేనా అని ఆగి ప్రశ్నించుకోవడం ఈసారి సాధన చేయవలసిన అంశం.

1952లో క్లోర్‌ప్రోమజైన్ అనే మందు సైకోసిస్ (భ్రమలతో వాస్తవానికి దూరమయ్యే స్థితి) చికిత్సలోకి వచ్చింది. అటువంటి మందులన్నీ డోపమైన్ డి2 గ్రాహకాలను (నాడీకణాలపై డోపమైన్ సంకేతాన్ని అందుకునే చోట్లను) అడ్డుకుంటాయనీ, గ్రాహకాన్ని ఎంత గట్టిగా పట్టుకునే మందైతే అంత తక్కువ మోతాదు సరిపోతుందనీ 1970లలో తేలింది. డోపమైన్‌ను పెంచే యాంఫెటమైన్ ఆరోగ్యవంతులలో సైతం భ్రమలను రేపగలదు. పలువురు రోగుల మెదడు స్కాన్లలో, స్ట్రయాటమ్ అనే లోపలి భాగంలో డోపమైన్ తయారీ ఎక్కువగా ఉన్నట్టు కనిపించింది. అయితే మరో సంకేత రసాయనమైన గ్లూటమేట్ గ్రాహకాలను అడ్డుకునే కెటమిన్ అనే మత్తుమందు కూడా సైకోసిస్ వంటి స్థితిని కలిగిస్తుంది కనుక, కథ ఒక్క డోపమైన్‌తో ముగియదు. "డోపమైన్ ఎక్కువైంది" అన్న వాక్యం ఎదురైనప్పుడల్లా "ఏ భాగంలో?" అని పక్కన రాసుకోండి.

విద్యుత్తుతో మూర్ఛ కలిగించే చికిత్సను, అంటే ఇ.సి.టి.ని, 1938లో రోమ్‌లో చెర్లెట్టి, బినీ అనే వైద్యులు మొదలుపెట్టారు. నేడు మత్తుమందు, కండరాలను సడలించే మందు ఇచ్చాకే చేస్తారు. మూర్ఛ సాధారణంగా ఒక నిమిషంలోపు ముగుస్తుంది. కాళ్లూ చేతులూ ఎగిరిపడే పాత దృశ్యాన్ని మనసులోంచి తీసివేయండి, ఎందుకంటే ఆ భయం వల్లనే, ఉలుకూ పలుకూ లేకుండా బిగుసుకుపోయి తిండీ నీళ్లూ మానేసిన కెటటోనియా రోగికి ప్రాణం నిలిపే చికిత్స ఆలస్యమవుతుంది. జ్ఞాపకాల నష్టమూ నిజమే: చికిత్సకు ముందటి వారాల, నెలల సంగతులు కొన్ని చెరిగిపోవచ్చు, కొందరికి అవి తిరిగి రావు.

ఇప్పుడు అసలు చిక్కు. సైకోసిస్ భ్రమలను తగ్గించడానికి వాడే ఇ.సి.టి.యే, డోపమైన్ కొరవడిన పార్కిన్సన్స్ వ్యాధిలోనూ కదలికల బిగువును కొంతకాలం తగ్గిస్తుంది. ఒకే చికిత్స రెండు వైపులా మేలు చేస్తున్నప్పుడు, "అది డోపమైన్‌ను తగ్గిస్తుంది" అన్న సులువైన వివరణ నిలవదు. జ్ఞాపకాలకు కీలకమైన మెదడు భాగం హిప్పోకాంపస్ పరిమాణం చికిత్స తరువాత పెరుగుతుందని స్కాన్లు చూపాయి. కానీ ఆ పెరుగుదల ఎక్కువగా ఉన్నవారే ఎక్కువగా కోలుకున్నారని పెద్ద అధ్యయనాలలో తేలలేదు. వరుస చికిత్సలలో మూర్ఛ రప్పించడానికి క్రమంగా ఎక్కువ విద్యుత్తు కావలసి వస్తుంది. దీనిని బట్టి, మెదడు తన నాడీకణాల ఉద్రేకాన్ని తానే అణచుకునే శక్తిని పెంచుకుంటోందని కొందరు భావిస్తారు. నాకు ఇది ఆలోచించదగినదిగా తోస్తుంది, అయినా ఇది ఊహే.

అభ్యాసం: "ఇ.సి.టి. తరువాత భ్రమలు తగ్గాయి, కాబట్టి రోగి మెదడులో డోపమైన్ తగ్గింది." ఈ వాక్యంలో గమనించినదేది, ఊహించినదేది విడదీసి రాయండి. ఆ ఊహను పరీక్షించాలంటే మెదడులోని ఏ భాగంలో, చికిత్సకు ముందూ తరువాతా ఏమి కొలవాలో రెండు వాక్యాలలో చెప్పండి.