కథ రాయడం నేర్చుకుందాం – ఏడో పాఠం: ఫోను పెట్టేసే ముందు

గత పాఠంలో మన పాత్రకు పేరు, ఊరు, బతుకుతెరువు కుదిర్చాం. ఇప్పుడు ఆ మనిషి చేతులు, కాళ్లు, నోరు ఏం చేస్తాయో చూద్దాం. కొత్తగా రాసేవాళ్ల కథలు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే. మనుషుల్ని చూసి రాయాల్సిన చోట, చదివిన కథల నుంచీ చూసిన సీరియళ్ల నుంచీ అలవాట్లు తెచ్చి అతికిస్తారు. ఈ ముక్క చదవండి.

ఫోను మోగింది. “రాజూ, నాన్నకు గుండెనొప్పి వచ్చింది. వెంటనే బయల్దేరు” అని అమ్మ ఫోను పెట్టేసింది. రాజు చేతిలోని కాఫీ కప్పు జారి నేలమీద పడి భళ్లున పగిలింది.

సంఘటన నమ్మదగిందే. ఎన్నో ఇళ్లలో జరిగేదే. కానీ ఇందులో మనుషులు చేసిన రెండు పనులు నిజజీవితంలో బహు అరుదు.

ముందు ఫోను సంగతి. మనం ఫోను ఒక్క మాటతో పెట్టేయం. ఒకరు “సరే మరి” అంటారు. అవతలివాళ్లు “ఆఁ, సరే” అంటారు. “ఉంటాను మరి”, “ఉండు” అయ్యాక కూడా “అన్నట్టు...” అంటూ కొత్త సంగతి ఒకటి మొదలవుతుంది. ఇమాన్యుయేల్ షెగ్లాఫ్, హార్వీ సాక్స్ అనే అమెరికన్ సామాజిక శాస్త్రవేత్తలు సంభాషణలు ఎలా ముగుస్తాయో పరిశీలించి 1973లో ఒక వ్యాసం ప్రచురించారు. ముగింపు ఒక్కరి చేతిలో ఉండదని, ఒకరు సూచిస్తే రెండోవారు ఒప్పుకోవాలని, ఆ రెంటి మధ్య ఇంకా చెప్పని మాట చెప్పుకోవడానికి ఇద్దరికీ చోటు దొరుకుతుందని చూపించారు. వాళ్లు పరిశీలించింది ఇంగ్లీషు సంభాషణలనే అయినా, మన “సరే మరి” చేసే పనీ అదే.

కథకుడు పట్టుకోవాల్సింది ఆ చోటునే. అసలు మాట చాలాసార్లు అక్కడే బయటపడుతుంది. డాక్టర్లను అడిగితే చెబుతారు: రోగి కూర్చున్నంతసేపూ మోకాలి నొప్పి గురించి మాట్లాడి, లేచి తలుపు దాకా వెళ్లి, “ఇంకొకటండీ, ఈమధ్య ఛాతీలో బరువుగా ఉంటోంది” అంటాడు. ఇప్పుడు అమ్మ ఫోనును మళ్లీ రాద్దాం.

“అన్నం తిన్నావా?”
“ఇప్పుడే తిన్నానమ్మా. నాన్న ఏం చేస్తున్నారు?”
“పడుకున్నారు.”
“ఇంత పెందలాడేనా?”
“కాస్త నలతగా ఉందన్నారులే. బాబాయి వచ్చి కూర్చున్నాడు.”
“సరేనమ్మా, రేపు చేస్తాను. ఉంటాను మరి.”
“ఆఁ, ఉండు... రాజూ.”
“ఏమిటమ్మా?”
“ఏమీ లేదు. ఆదివారం వస్తానన్నావు కదా, కాస్త ముందుగా రావడానికి వీలవుతుందా?”

గుండెనొప్పి అన్న మాటే లేదు. అయినా చదివేవారికి గుండె ఝల్లుమంటుంది. కొడుకు కంగారుపడతాడని ఆ తల్లి ఎంత దాచుకుందో, ఎంత దాచలేకపోయిందో రెండూ కనిపిస్తున్నాయి. “బాబాయి వచ్చి కూర్చున్నాడు” అన్న మాట దగ్గర ఒక్క క్షణం ఆగండి. ఊరికే వచ్చి ఎవరూ కూర్చోరు.

ఇక కప్పు. మనిషి ఉలిక్కిపడినప్పుడు శరీరం ముడుచుకుంటుంది. కళ్లు మూసుకుంటాయి, భుజాలు బిగుస్తాయి, వేళ్లు ముడుచుకుంటాయి. కప్పు జారకపోగా పట్టు బిగియడమే ఎక్కువ. పిడుగులాంటి వార్త విన్నవారు చాలామంది చేస్తున్న పనే చేస్తూ ఉండిపోతారు. స్టవ్ ఆపుతారు, తడి చేతులు తుడుచుకుంటారు, “ఏ ఆసుపత్రి?” అని అడిగి, చెప్పాక మళ్లీ అదే అడుగుతారు. రెండోసారి అడిగిన ఆ ప్రశ్న రాయండి.

ఈ కప్పులన్నీ రంగస్థలం మీద, ఆ తర్వాత తెర మీద పగలడం మొదలుపెట్టాయి. వెనక వరుసలో కూర్చున్న ప్రేక్షకుడికి నటుడి మనసు కనబడదు కాబట్టి ఏదో ఒకటి పగలాలి, ఎవరో ఒకరు పైకి మాట్లాడుకోవాలి. సంస్కృత నాటకాల్లోని స్వగతం ఈ అవసరానికి ఏర్పడిన పద్ధతే. వచన కథకు ఆ ఇబ్బంది లేదు. మీరు నేరుగా మనసులోకి వెళ్లగలరు. అందుకే అద్దం ముందు నిలబడి తన కష్టాలన్నీ పైకి చెప్పుకునే పాత్ర వచనంలో అంత అసహజంగా ఉంటుంది. “మన నాన్నగారు పోయి పదేళ్లయింది కదా అన్నయ్యా” అనే చెల్లెలూ అంతే. ఆ సంగతి అన్నయ్యకు తెలుసు.

ఇక్కడ ఒక తేడా గమనించాలి. కథల్లో ఎవరూ పళ్లు తోముకోరు, ఆటోవాడితో చిల్లర కోసం గొడవపడరు అని కొందరు ఆక్షేపిస్తారు. అది తప్పు కాదు. అక్కర్లేనిది వదిలేయడం కథకుడి హక్కు. జరిగేదాన్ని తీసేసి ఆ స్థానంలో జరగనిదాన్ని పెట్టడమే నేను వద్దంటున్నది.

పీడకల వచ్చి కెవ్వున అరుస్తూ మంచం మీద లేచి కూర్చునే పాత్రనే తీసుకోండి. స్పష్టంగా గుర్తుండే పీడకలలు ఎక్కువగా రెమ్ నిద్రలో, అంటే మూసిన రెప్పల కింద కళ్లు చకచకా కదిలే నిద్రలో, వస్తాయి. ఆ దశలో మన కండరాలు దాదాపు కదలకుండా ఉంటాయి. నిద్రలో అరుస్తూ లేచి కూర్చోవడం చిన్నపిల్లల్లో ఎక్కువగా కనిపించే వేరే స్థితి. అది గాఢనిద్రలో వస్తుంది, తెల్లారాక సాధారణంగా వాళ్లకు గుర్తుండదు. పీడకల నుంచి మేలుకున్న పెద్దవాళ్లు కదలకుండా పడుకుని, పైన తిరిగే ఫ్యాను వంక చూస్తూ, అది కలేనని తేల్చుకుంటారు.

అలాగే కళ్లు తిరిగి పడిపోయిన కోడలు, నాడి పట్టుకోగానే “శుభవార్త” అనే డాక్టరు. గర్భం ఉన్నదీ లేనిదీ నాడి చూసి చెప్పలేరు. మూత్రంలోనో రక్తంలోనో హెచ్‌సీజీ అనే హార్మోనును పరీక్షించాలి. ఈ రోజుల్లో ఆ అమ్మాయి మందుల దుకాణంలో కిట్ కొనుక్కుని, స్నానాలగదిలో తలుపు వేసుకుని, గీతలు కనిపించేదాకా కొన్ని నిమిషాలు నిలబడుతుంది. ఆ నిమిషాల్లో ఆమె ఒంటరిది. బయటికి వచ్చాక మొదట ఎవరికి చెబుతుంది? భర్తకా, అమ్మకా, ఎవరికీ చెప్పకుండా వంటింట్లోకి వెళుతుందా? కథ అక్కడ ఉంది. స్పృహతప్పించిన రచయిత దాన్ని చేజేతులా వదులుకున్నాడు.

ఈ వారం అభ్యాసం. మీ ఇంట్లోవాళ్లతో మీరు మాట్లాడే ఫోనులో మొదటి “సరే మరి” నుంచి ఫోను పెట్టేసేదాకా వచ్చిన మాటలన్నీ, ఆగిన చోట్లతో సహా, గుర్తున్నంతవరకు వెంటనే కాగితం మీద పెట్టండి. మెరుగులు దిద్దకండి. తర్వాత మీ పాత కథల్లో ఫోను సంభాషణ ఉన్నదాన్ని తీసి, దాని చివరి నాలుగు మాటలు మళ్లీ రాయండి. రెండు కాగితాలూ దాచి ఉంచండి. వచ్చే పాఠంలో అతిథులు గుమ్మం దగ్గర నిలబడి మాట్లాడే మాటల మీద పనిచేసేటప్పుడు అవి కావాలి.