తొలినాటి బాలల రక్షణ చట్టాలను ఎలా చదవాలి

బాలల హక్కుల చరిత్రను పాఠంగా చెప్పవలసిన ఉపాధ్యాయులు, దానిపై వ్యాసం రాయవలసిన విద్యార్థులు సాధారణంగా 1989 నాటి ఐక్యరాజ్యసమితి ఒడంబడికతోనో, 1924 నాటి జెనీవా ప్రకటనతోనో మొదలుపెట్టి వెనక్కి వెళ్తారు. అలా వెళ్తే దారిలో తగిలే ప్రతి చట్టమూ ఒక విజయంగానే కనిపిస్తుంది. ఈ చరిత్రను 1802 నుంచి ముందుకు చదవడం మేలు. ఏ చట్టం చేతికి వచ్చినా, అందులోని వాగ్దానాన్ని చదివే ముందు, దాన్ని అమలు చేసే బాధ్యత ఎవరికి అప్పగించారో వెతకండి.

మొదట చట్టం ఏ పిల్లలకు వర్తిస్తుందో చూడండి. బ్రిటన్‌లో 1802లో వచ్చిన చట్టం నూలు మిల్లుల్లో పిల్లల పనిని రోజుకు 12 గంటలకు పరిమితం చేసింది. అయితే అది ప్రధానంగా పేదల సహాయ సంస్థలు మిల్లులకు అప్రెంటిస్‌లుగా అప్పగించిన పిల్లల కోసం చేసినది. ఆవిరి యంత్రాలు వచ్చి మిల్లులు ఏటి ఒడ్లు వదిలి పట్టణాలకు చేరాక, తల్లిదండ్రుల దగ్గర ఉంటూ కూలికి వెళ్ళే పిల్లలే ఎక్కువయ్యారు. వారికి ఆ చట్టం అక్కరకు రాలేదు. 1819 చట్టం నూలు మిల్లుల్లో 9 ఏళ్ళలోపు పిల్లల పనిని నిషేధించింది గానీ, జీతం తీసుకునే తనిఖీ అధికారి ఒక్కరినీ నియమించలేదు. 1833లో మాత్రమే నలుగురు ఇన్‌స్పెక్టర్లు వచ్చారు, మిల్లులోకి అడుగుపెట్టే అధికారం వారికి దక్కింది. దేశం మొత్తానికి నలుగురంటే చాలా తక్కువే. అయినా నా దృష్టిలో బాలల రక్షణ చరిత్రలో అసలు మలుపు ఆ నియామకమే.

తరువాత, వయసును ఎలా నిర్ధారించారో తెలుసుకోండి. చాలామంది దాటవేసే ఈ అంశం దగ్గర కాసేపు ఆగవలసిందే. 1833 చట్టం ప్రకారం 9 నుంచి 13 ఏళ్ళలోపు పిల్లలు రోజుకు 9 గంటలు, 13 నుంచి 18 ఏళ్ళ మధ్యవారు 12 గంటలు పనిచేయవచ్చు. అంటే 13 నిండాయని ఒక కాగితం పుడితే యజమానికి రోజుకు మూడు గంటల పని అదనంగా దొరుకుతుంది, ఇంటికి నాలుగు డబ్బులు ఎక్కువ వస్తాయి. కనుక వయసు పెంచి చెప్పాలన్న ఒత్తిడి రెండు వైపుల నుంచీ ఉండేది. ఇంగ్లండ్‌లో ప్రభుత్వ జనన నమోదు మొదలైంది 1837 జూలైలో. అంతవరకు వైద్యుడు పిల్లవాడి ఒడ్డూ పొడుగూ చూసి, ఆ వయసుకు తగ్గట్టే ఉన్నాడని ధ్రువీకరించేవాడు. ఎత్తు నమ్మదగినది కాదని, పళ్ళు చూస్తే వయసు మరింత సరిగ్గా తెలుస్తుందని ఎడ్విన్ సాండర్స్ అనే దంతవైద్యుడు 1837లోనే వాదించాడు. ఒక పిల్లవాడు తొమ్మిది గంటలు పనిచేసి బయటపడతాడా, పన్నెండు గంటలు చేయాలా అన్నది వాడి దవడ పళ్ళను బట్టి తేల్చవలసిన స్థితి అది. జనన ధ్రువపత్రం లేనిచోట బాలల హక్కు ఎంత బలహీనమో తరగతిలో చెప్పడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు తెలియదు.

ఒకే విషయంపై చట్టం మళ్ళీ మళ్ళీ వస్తే, ముందుది విఫలమైందని అర్థం చేసుకోండి. పొగగొట్టాలు ఎక్కి మసి తుడిచే పిల్లల గురించి బ్రిటన్ 1788, 1834, 1840, 1864 సంవత్సరాల్లో చట్టాలు చేసింది. 1840 చట్టం 21 ఏళ్ళలోపు వారెవరినీ పొగగొట్టం ఎక్కించరాదన్నది. అయినా 1875 ఫిబ్రవరిలో జార్జ్ బ్రూస్టర్ అనే బాలుడు కేంబ్రిడ్జ్ సమీపంలోని ఒక ఆసుపత్రి పొగగొట్టంలో ఇరుక్కుని, ఆ తరువాత ప్రాణం విడిచాడు. అదే ఏడాది వచ్చిన చట్టం ఈ పని చేయించేవారికి లైసెన్సు తప్పనిసరి చేసి, అమలును పోలీసులకు అప్పగించింది. అప్పుడే ఈ ఘోరం ఆగింది.

ఒక పక్షం సాక్ష్యాలను మాత్రమే చదవకండి. 1832లో మైకేల్ సాడ్లర్ అధ్యక్షతన పార్లమెంటు సంఘం ప్రధానంగా కార్మికుల పక్షం సాక్ష్యాలనే నమోదు చేసింది. మిల్లు యజమానుల అభ్యంతరంతో 1833లో రాజ కమిషన్ ఏర్పడింది. రెండింటినీ పక్కపక్కన పెట్టుకోండి. యజమానులు కోరుకున్న కమిషన్ కూడా చట్టం అవసరమనే చెప్పింది. కాబట్టి ఆ మాటకు బరువు ఎక్కువ.

ప్రచారంలో ఉన్న కథలనూ సరిచూడండి. 1874లో న్యూయార్క్‌లో పెంచేవారి ఇంట్లో హింసకు గురైన మేరీ ఎలెన్ విల్సన్ అనే బాలికను జంతు సంరక్షణ చట్టం కింద కాపాడారని తరచూ రాస్తారు. ఆమె పరిస్థితిని బయటపెట్టిన ఎట్టా వీలర్ జంతు సంరక్షణ సంఘం స్థాపకుడు హెన్రీ బెర్గ్‌ను ఆశ్రయించిన మాట నిజమే. అయితే న్యాయవాది ఎల్‌బ్రిడ్జ్ గెర్రీ జంతువుల చట్టంతో కాదు, నిర్బంధంలో ఉన్న మనిషిని కోర్టు ముందుకు తేవాలని ఆదేశించే హెబియస్ కార్పస్ తరహా ఉత్తర్వుతో ఆమెను కోర్టుకు రప్పించాడు. దాని ఫలితంగా అక్కడ బాలలపై క్రూరత్వ నివారణ సంఘం పుట్టింది.

ఇవే ప్రశ్నలతో మన దేశానికి రండి. 1881 ఫ్యాక్టరీల చట్టం 7 ఏళ్ళలోపు పిల్లల పనిని నిషేధించింది, కానీ అది 100 మంది, అంతకు మించి పనిచేసే కర్మాగారాలకే వర్తించింది. పొలంలో, పశువుల వెంట ఉన్న పిల్లవాడి ఊసే అందులో లేదు. మద్రాసు బాలల చట్టం 1920లో వచ్చింది, అప్పటి కోస్తా, రాయలసీమ జిల్లాలు ఆ రాష్ట్రంలోనివే. చివరగా 1933 నాటి బాలల శ్రమ తాకట్టు చట్టాన్ని మీరే విప్పి చూడండి. అప్పు కింద పిల్లవాణ్ణి జీతానికి కుదిర్చే ఒప్పందం చెల్లదని అది ప్రకటించింది. తప్పు చేసిన తల్లిదండ్రులకు 50 రూపాయల వరకు, యజమానికి 200 రూపాయల వరకు జరిమానా నిర్ణయించింది. ఆ అప్పు ఎంత ఉండేదో, ఫిర్యాదు చేయగలిగేది ఎవరో విద్యార్థుల చేతనే రాయించండి.