కాలిఫోర్నియా జెఫర్ మోడల్ సెట్ కొన్నారా, అయితే ముందు కొలిచే టేప్ చేతిలోకి తీస్కోండి

కాలిఫోర్నియా జెఫర్ అంటే ఒకప్పుడు షికాగో నుంచి ఓక్‌లాండ్‌కి నడిచిన అమెరికా రైలు. దాని మోడల్ సెట్ ఇంటికి రాగానే 11 బోగీలూ బయటికి లాగి తగిలించెయ్యాలనిపిస్తుంది, ఆ వెండి మెరుపు అలాంటిది మరి. కానీ ముందు కొలతలు చూస్కోండి. అసలు బండిలో ఒక్కో బోగీ 85 అడుగులు, అంటే అసలు దానిలో 160వ వంతు ఉండే (1:160) ఎన్ స్కేల్ మోడల్‌లో సుమారు 16 సెంటీమీటర్లు, 87వ వంతు ఉండే (1:87) హెచ్ఓ స్కేల్‌లో దాదాపు 30. మూడు ఇంజన్లు కలిపితే మొత్తం బండి ఎన్‌లో 2 మీటర్లు దాటుతుంది, హెచ్ఓలో 4 మీటర్లకి దగ్గరగా వస్తుంది. బేస్‌మెంట్ ఉన్నవాళ్ళు హెచ్ఓ తీస్కోవచ్చు, అపార్ట్‌మెంట్‌లో ఉంటే ఎన్ తీస్కోండి, మూడు బోగీల హెచ్ఓ కన్నా పూర్తి బండి ఎన్‌లో చూడ్డమే బాగుంటుంది అని నా అభిప్రాయం.

చాలామంది దెబ్బ తినేది కర్వ్ దగ్గర. 4 బై 8 అడుగుల ప్లైవుడ్ షీట్ మీద హెచ్ఓలో 22 అంగుళాల రేడియస్ మించి పట్టడం కష్టం, అంత పొడుగు బోగీలు దాని మీద తిరిగితే చివర్లు బయటికి వచ్చేసి కప్లర్లు, అంటే బోగీల్ని కలిపే కొక్కేలు, పక్కకి లాక్కుంటాయి, బోగీ పట్టా దిగిపోతుంది. హెచ్ఓకి కనీసం 24 ఉండాలి, 30 ఉంటే చూడ్డానికి బాగుంటుంది. అదే షీట్ మీద ఎన్‌లో 19 అంగుళాల కర్వ్ హాయిగా పడుతుంది. కుడికి తిరిగి వెంటనే ఎడమకి తిరిగే చోట మధ్యలో కనీసం ఒక బోగీ పొడవంత స్ట్రెయిట్ ట్రాక్ వెయ్యండి, ఇది మాత్రం తప్పకుండా చెయ్యండి.

ఇక బోగీల వరస. ఈ బండి 1949 మార్చి 20న మొదలై 1970 మార్చి దాకా షికాగో నుంచి ఓక్‌లాండ్‌కి నడిచింది, రాకీ పర్వతాలు, ఫెదర్ రివర్ లోయ పగటి వెలుతుర్లో వచ్చేలా టైమింగ్ పెట్టారు, ఎందుకంటే బండి ఉన్నదే బోగీ పైకప్పు మీదున్న గాజు గదిలో, అంటే డోమ్‌లో, కూర్చుని చూడ్డానికి. బడ్ కంపెనీ చేసిన స్టెయిన్‌లెస్ స్టీల్ బోగీలు, బండికి 5 డోమ్‌లు. ముందు బ్యాగేజీ, తర్వాత మూడు డోమ్ కోచ్‌లు, తర్వాత బఫే లాంజ్ డోమ్, ఆ వెనక స్లీపర్లు, వాటి మధ్యలో డైనింగ్ కార్, చిట్టచివర గుండ్రటి తోక ఉన్న డోమ్ అబ్జర్వేషన్ బోగీ. ఆ చివరిదాన్ని మధ్యలో పెట్టకండి ప్లీజ్, బండి అందం అంతా పోతుంది.

షికాగో దగ్గరి అరోరా బాలాజీ గుడికి వెళ్ళేవాళ్ళకి ఒక మాట, మొట్టమొదటి విస్టా డోమ్ తయారైంది ఆ ఊళ్ళోనే, 1945లో బర్లింగ్టన్ రైల్వే వాళ్ళ వర్క్‌షాపుల్లో సిల్వర్ ఆల్కెమీ అనే మామూలు కోచ్ పైకప్పు మార్చి గాజు గది పెట్టి సిల్వర్ డోమ్ అని పేరు పెట్టారు. నాకైతే అది తెలిశాక ఆ ఊళ్ళో రైలు ట్రాక్ దాటిన ప్రతిసారీ ఒళ్ళు పులకరిస్తుంది.

ఇంజన్ ఏది పెట్టాలంటే, బోగీలు అవే కానీ దారిలో మూడు రైల్వేలు ఇంజన్లు మార్చేవి. డెన్వర్ దాకా బర్లింగ్టన్, అక్కణ్ణుంచి సాల్ట్ లేక్ సిటీ దాకా రియో గ్రాండే, తర్వాత వెస్టర్న్ పసిఫిక్. మీ సీన్‌లో కొండలూ టన్నెళ్ళూ ఉంటే రియో గ్రాండే పెట్టండి, ఫెదర్ రివర్ లోయ చేస్తుంటే వెండి, ఆరెంజ్ రంగుల వెస్టర్న్ పసిఫిక్. మూడు రైల్వేలవీ కలిపి ఒకే బండికి తగిలిస్తే అసలు బండిలా ఉండదు.

నడిపేటప్పుడు కార్పెట్ మీద ట్రాక్ వెయ్యొద్దు, నూలు పోగులు గేర్లలోకి పోతాయి. ముందు ఇంజన్ ఒక్కదాన్నే అటు అరగంట ఇటు అరగంట మెల్లగా తిప్పండి, తర్వాత మూడు బోగీలు, అవి పడకుండా తిరిగితే ఇంకో మూడు, ఇలా పెంచుకుంటూ పోండి, ఎక్కడ పడిందో అప్పుడే తెలుస్తుంది. లోపలి లైట్లు మిణుకుమిణుకుమంటే ఐసోప్రొపైల్ ఆల్కహాల్ తడిపిన గుడ్డతో పట్టాలు, చక్రాలు తుడవండి, చాలాసార్లు దాంతోనే సెట్ అయిపోతుంది. బోగీలు పట్టుకునేటప్పుడు కాటన్ గ్లవ్స్ వేస్కోండి, వెండి పూత మీద వేలిముద్రలు కనిపిస్తాయి.

డోమ్‌లో మనుషుల్ని కూర్చోపెట్టాలంటే, అసలు డోమ్‌లో 24 సీట్లు, మీరు పది పన్నెండు బొమ్మలు పెట్టినా నిండుగా ఉంటుంది. డోమ్ గాజు మెల్లగా పైకి తీసి, బొమ్మల కాళ్ళు మోకాళ్ళ దగ్గర కత్తిరించి, ఆ తెల్ల గమ్ ఉంటుంది కదా పిల్లలు స్కూల్లో వాడేది, దాని చుక్క పెట్టి పట్టకారుతో అతికించండి. సూపర్ గ్లూ మాత్రం వాడొద్దు, నేను ఒకసారి వాడి వెంటనే గాజు మూసేశాను, దాని ఆవిరికి డోమ్ లోపలివైపు తెల్లగా పొగమంచు పట్టినట్టు అయిపోయింది, ఎంత తుడిచినా పోలేదు, ఇప్పటికీ ఆ బోగీ చూస్తే బాధేస్తుంది. గమ్ రాత్రంతా ఆరనిచ్చి పొద్దున గాజు పెట్టండి.

అమెరికాలో కొన్న సెట్ హైదరాబాదో విజయవాడో తీస్కెళ్తుంటే పవర్ ప్యాక్ వెనక రాసింది చదవండి, 120 వోల్ట్స్ మాత్రమే అని ఉంటే మన 230 ప్లగ్‌లో అస్సలు పెట్టకండి, 100 నుంచి 240 అని ఉంటే పిన్ అడాప్టర్ చాలు.