గ్లాసులు కొనే ముందు, అల్మరాలో సర్దే ముందు

విజయవాడ బీసెంట్ రోడ్డులోనో వన్‌టౌన్‌లోనో గాజు గ్లాసుల సెట్టు కొంటుంటే డబ్బా విప్పించి, ఒక్కో గ్లాసూ వెలుతురుకి ఎత్తి చూడండి. అంచు చుట్టూ గోరు మెల్లగా తిప్పండి. గరుకు తగిలిందా, ఆ గ్లాసు వద్దనండి.

విస్కీకి 250–300 మి.లీ. పట్టే, అడుగు మందంగా ఉన్నవి చాలు. ఇంట్లో ఎవరూ తాగని మార్టినీ కాక్‌టెయిల్‌కి గ్లాసులు కొనడం నా దృష్టిలో దండగ.

- బోర్లించొద్దు. పల్చటి అంచు మీదే బరువంతా పడుతుంది, లోపల గాలాడక అల్మరా వాసన పట్టేస్తుంది.
- ఒకదాంట్లో ఒకటి దూర్చొద్దు. ఇరుక్కుంటే గుంజకండి, చెయ్యి తెగుతుంది. లోపలి దాంట్లో చల్లనీళ్లు పోసి, బయటిదాన్ని గోరువెచ్చని నీళ్లలో ఉంచితే వదులవుతుంది.
- బోరునీళ్ల తెల్లమరకలకు వెనిగర్ కలిపిన నీళ్లు. కడిగాక నూలుగుడ్డతో వెంటనే తుడవాలి.
- వేడినీళ్లతో కడిగిన గ్లాసు చల్లారేదాకా ఐసు వెయ్యొద్దు, చిట్లుతుంది.