నాలుగు వారాల ఫారిన్ కోర్సుకి డబ్బు కట్టే ముందు ఇవి చూసుకోండి

బెంజ్ సర్కిల్ చుట్టుపక్కల కన్సల్టెన్సీల్లో "సమ్మర్‌లో నాలుగు వారాలు, సర్టిఫికెట్ గ్యారంటీ" అనగానే అడ్వాన్స్ తీయకండి.

అసలు కోర్సు ఎవరిది? యూనివర్సిటీయే నడుపుతోందా, లేక అక్కడి హాలు అద్దెకు తీసుకుని ఇంకెవరైనా నడుపుతున్నారా? యూనివర్సిటీ సొంత వెబ్‌సైట్‌లో కోర్సు పేరు, ఫీజు కనిపించకపోతే వదిలేయండి. క్రెడిట్లు (డిగ్రీ లెక్కలో కలిసే కోర్సు పాయింట్లు) వస్తాయంటే, వాటిని మీ కాలేజీ కలుపుకుంటుందో లేదో కాగితం మీద రాయించుకోండి, నోటిమాట మార్కుల మెమోలోకి ఎక్కదు. అటెండెన్స్, సెమిస్టర్ పరీక్షల తేదీలు కూడా అప్పుడే అడిగేయండి.

తర్వాత పాస్‌పోర్టు. మన గుంటూరు, బెజవాడ పిల్లలకి ఇంటిపేరుతోనే తలనొప్పి, టెన్త్ మెమోలో ఒకలా, పాస్‌పోర్టులో ఇంకోలా ఉంటుంది. ముందే సరిచేయించండి. ఒకే వీసాతో తిరగగలిగే యూరప్ దేశాలకైతే, అంటే షెంజెన్ దేశాలకైతే, అక్కడి నుంచి బయల్దేరాక కూడా కనీసం 3 నెలలు పాస్‌పోర్టు చెల్లాలి, 30,000 యూరోల మెడికల్ ఇన్సూరెన్స్ ఉండాలి, వీసా అప్లికేషన్ ప్రయాణానికి 6 నెలల ముందు నుంచే పెట్టుకోవచ్చు కాబట్టి చివరి నెల దాకా ఆగి టెన్షన్ పడొద్దు.

అమెరికాలో టూరిస్ట్ వీసా మీద క్రెడిట్ కోర్సు చేయకూడదు. "ఏం కాదులే బాబూ" అనే ఏజెంటుకి దండం పెట్టి వచ్చేయండి. బ్రిటన్‌లో మాత్రం గుర్తింపున్న సంస్థలో 6 నెలల వరకు విజిటర్ వీసాతో చదవొచ్చు.

నాన్నగారి ఖాతాలో అప్పు తెచ్చి ఒక్కసారిగా లక్షలు వేయించకండి, వీసాకి ఇచ్చే బ్యాంక్ స్టేట్‌మెంట్‌లో అదే ముందు కనపడుతుంది. వీసా రాకపోతే ఫీజు ఎంత వెనక్కిస్తారో రాతలో చేతికొచ్చాకే టికెట్ కొనండి.