ప్యాడ్ కొనేముందు, స్టేజీ ఎక్కేముందు

కడప చుట్టుపక్కల పెళ్లిళ్లకు, వినాయక చవితి పందిళ్లకు వాయించే తమ్ముళ్లూ, ఇది గుర్తుపెట్టుకోండి. తబలా, డోలక్ అలవాటున్న చేతికి పుల్లలతో కొట్టే ఎలక్ట్రానిక్ డ్రమ్ ప్యాడ్ సరిపడదు. వేళ్లతో వాయించేదే తీసుకోవాలి. రోలాండ్ హ్యాండ్‌సోనిక్ హెచ్‌పీడీ-20 అలాంటిదే: దాని మీద తాకే గడులు 13, లోపల 850 శబ్దాలు. అయితే శబ్దాల లెక్క చూసి మురిసిపోవద్దు. షాపులోనే హెడ్‌ఫోన్ పెట్టుకుని వేలికొనతో మెల్లగా తాకి చూడండి, తర్వాత ‘తిరకిట’ వేగంగా వాయించండి. దెబ్బలు మింగేస్తుంటే అది మీకు పనికిరాదు.

స్టేజీ మీద అసలు చిక్కు సెన్సిటివిటీతోనే, అంటే ఎంత మెల్లటి తాకిడికి ప్యాడ్ పలుకుతుందన్నదానితోనే. ఇంట్లో బాగా పలికింది కదా అని అదే సెట్టింగ్‌తో తెస్తే, పక్కనున్న బేస్ బాక్సు అదురుకే ప్యాడ్ తనంతట తాను మోగొచ్చు. సౌండ్ చెక్‌లో పాట గట్టిగా పెట్టించి, చేతులు తీసేసి వినండి. మోగితే ముందు బాక్సుకు దూరం జరపండి, అప్పటికీ ఆగకపోతే థ్రెషోల్డ్ (ప్యాడ్ పలకడానికి కావాల్సిన కనీస దెబ్బ) కొద్దికొద్దిగా పెంచండి. మరీ పెంచితే మెల్లటి దెబ్బలు పలకవు. బల్ల మీద వద్దు, గట్టి స్టాండు మీదే పెట్టండి.

జనరేటర్ కరెంటు ఒక్క క్షణం తడబడినా ప్యాడ్ ఆగిపోయి మళ్లీ ఆన్ కావాలి, పాట మధ్యలో అది ఎంత టెన్షనో తెలుసు కదా! చిన్న యూపీఎస్ వెంట ఉంచుకోండి. మిక్సర్‌లో ఒకే ఛానల్ ఇస్తే మోనో అని రాసి ఉన్న ఎడమ జాక్‌కే వైరు పెట్టండి. మన ఎండలకు చేతులు చెమటపడతాయి, పొడి తువ్వాలు దగ్గరుండాలి. ఉంగరాలు తీసేయండి.