రేస్ ట్రాక్‌పైకి వెళ్లే ముందు కారు వారంటీని చదవడం ఎలా?
వేగం కోసమే తయారుచేశామని చెప్పి అమ్మిన కారుకు ట్రాక్‌పైన కూడా వారంటీ ఉండటమే న్యాయం. అయినా కారును అక్కడికి తీసుకువెళ్లే ముందు వారంటీ పుస్తకంలోని మినహాయింపులను పదం పదం చదవండి. అక్కడ ‘పోటీలు’ అని మాత్రమే ఉందా, ‘ట్రాక్ వినియోగం’ అని కూడా ఉందా అన్నదే కీలకం. ఆస్ట్రేలియాలో హ్యుందాయ్ తన ‘ఎన్’ శ్రేణి వేగవంతమైన కార్లకు పోటీ కాని ట్రాక్ డ్రైవింగ్‌ను వారంటీలో చేర్చింది కనుక, ఇది గొంతెమ్మ కోరికేమీ కాదు. మాట స్పష్టంగా లేకపోతే తయారీ సంస్థ నుంచి రాతపూర్వకంగా జవాబు తీసుకోండి. బ్రేక్ ప్యాడ్లు, టైర్లు సాధారణంగా అరుగుదల కిందికే వస్తాయి, అంటే వాటికి వారంటీ వర్తించదు. డాట్ 4 అనే రకం బ్రేక్ ఆయిల్ మరిగే స్థానం కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల సెల్సియస్ ఉండాలి, తేమ పీల్చుకున్నాక అది 155 దాకా పడిపోవచ్చు. ఆయిల్ మరిగితే బ్రేకులు సరిగా పట్టవు, అందుకే దాన్ని ముందుగానే మార్పించి, రసీదును భద్రపరచండి. పొరపాటున గేరు బాగా తగ్గించి ఇంజిన్‌ను హద్దు దాటి తిప్పితే, ఆ సంగతి కారు కంప్యూటర్‌లో నమోదు కావచ్చు, దాన్ని చూపి వారంటీని నిరాకరించవచ్చు.